ఒకే ఇల్లు, తలా ఒక ముక్కు

పిల్లలకి ఆముదం పట్టే రోజుల్లో ఆ పనికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చేది. ఒకరు కాళ్లూ చేతులూ కదలకుండా ఒళ్లో అదిమి పట్టుకునేవాళ్లు, ఇంకొకరు ముక్కు మూసి ఉగ్గుగిన్నె నోట్లో వంచేవాళ్లు. ఆ ముక్కు మూయడంలో ఒక లెక్క ఉంది. నాలుక కనిపెట్టేది ఉప్పు, పులుపు, తీపి, చేదు, మాంసపు చారులో ఉండే కమ్మదనం లాంటి కొద్ది రుచులనే. మనం రుచి అనుకునే మిగతాదంతా నోట్లోంచి గొంతు వెనకగా ముక్కులోకి ఎక్కే వాసనే. ముక్కు మూస్తే ఆ దారిలో గాలి కదలదు, ఆముదం ఒట్టి జిడ్డుగానే తెలుస్తుంది. వేళ్లు వదిలిన మరుక్షణం గొంతుకి అంటుకున్నదంతా ఒక్కసారిగా పైకి కొడుతుంది. అందుకే తెలిసిన పెద్దవాళ్లు వేళ్లు తీయకముందే నాలుక మీద చిటికెడు పంచదారో, ఇంత నిమ్మకాయ ఊరగాయో రాసేవాళ్లు. నూనె ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉందని పిల్లల డాక్టర్లు ఇప్పుడు ఈ పద్ధతి వద్దంటారు. వాళ్ల మాటే వినాలి.

అన్నదమ్ముల్లో ఒకడు గటగటా మింగేసి ఆటకి పోయేవాడు. ఇంకొకడికి గిన్నె చూడగానే కడుపులో తిప్పేది. మొదటివాడు బుద్ధిమంతుడు, రెండోవాడివి వేషాలు. ఏ ఇంట్లోనైనా తీర్పు అదే. కంచంలో కొత్తిమీర ఆకు ఆకూ ఏరి పక్కన పెట్టే పిల్ల, ఎండుచేప వేయిస్తుంటే వీధిలోకి పరిగెత్తే పిల్లాడు, సంపెంగలు పెట్టుకున్న వాళ్ల పక్కన కూర్చోలేని కొత్త కోడలు, వీళ్లందరివీ వేషాల కిందే జమ కట్టేశారు. వాళ్లు నిజమే చెప్పారు. ఒకే వంటింట్లో, ఒకే పొగలో కూర్చున్నా వాళ్ల ముక్కుకి తగిలింది వేరు, పక్కవాళ్లకి తగిలింది వేరు.

ముక్కు లోపల, పైకప్పు దగ్గర, కొద్ది చదరపు సెంటీమీటర్ల పొర ఉంటుంది. గాలిలో వచ్చే అణువుల్ని పట్టుకునే గ్రాహకాలు ఆ పొరలోని నాడీకణాల మీద ఉంటాయి. ఈ గ్రాహకాల్ని తయారుచేసే జన్యువుల కుటుంబాన్ని లిండా బక్, రిచర్డ్ యాక్సెల్ 1991లో బయటపెట్టారు. అందుకే 2004లో వాళ్లకి నోబెల్ బహుమతి వచ్చింది. కంటికి రంగులు తెలియడానికి మూడు రకాల కణాలు సరిపోతుంటే, వాసనకి మనుషుల్లో సుమారు 400 రకాల గ్రాహకాలు పనిచేస్తున్నాయి. ఆ 400 ఏ ఇద్దరిలోనూ ఒక్కలా ఉండవు. ఏ ఇద్దరిని పక్కపక్కన పెట్టి చూసినా వాటిలో 30 శాతానికి పైగా పనితీరులో తేడా కనిపిస్తుందని 2014లో లెక్క తేలింది. ఒక మెట్టు పలకని హార్మోనియం మీద కూడా పాట నడిచిపోతుంది. సరిగ్గా ఆ స్వరం రావలసిన చోటే లోటు తెలుస్తుంది. ముక్కు సంగతీ అంతే. వెయ్యి వాసనలు మామూలుగా తెలిసే మనిషికి ఒకే ఒక్క అణువు తెలియకపోవచ్చు, ఆ సంగతి అతనికి జన్మంతా తెలియకనే పోవచ్చు.

దీనికి బాగా నిలిచిన రుజువు ఆండ్రోస్టెనోన్. మగపంది మాంసంలో, మనిషి చెమటలో ఉండే పదార్థం ఇది. కొందరికి పాత మూత్రపు కంపులా కొడుతుంది, కొందరికి తీయగా పువ్వులా అనిపిస్తుంది, కొందరికి అసలేమీ తెలియదు. ఓఆర్7డి4 అనే ఒక్క గ్రాహకంలోని చిన్న మార్పులు ఈ తేడాలో చాలా భాగానికి కారణమని 2007లో తేలింది. కంపు అన్నవాడూ, తీపి అన్నవాడూ ఒకే సీసా మూత తీసి వాసన చూసినవాళ్లే.

ఇప్పుడు కొత్తిమీర దగ్గరికి వద్దాం. మన కూరల మీద చివర్లో తుంచి వేసే ఆ నాలుగు రెబ్బల్లో ఆల్డిహైడ్లు అనే అణువులు ఉంటాయి. సబ్బులోనూ, నలిపితే కంపు కొట్టే కొన్ని పురుగుల్లోనూ దాదాపు ఇదే జాతి అణువులు ఉంటాయి. వాటిని గట్టిగా పట్టే ఓఆర్6ఏ2 అనే గ్రాహకానికీ, కొత్తిమీర సబ్బులా ఉందనడానికీ సంబంధం ఉందని 2012లో బయటపడింది. అదే ఏడాది టొరంటోలో యువతీ యువకులని అడిగి చూస్తే, కొత్తిమీర గిట్టనివాళ్లు తూర్పు ఆసియా వాళ్లలో 21 శాతం, యూరప్ మూలాల వాళ్లలో 17 శాతం, మన దక్షిణాసియా వాళ్లలో 7 శాతం ఉన్నారు. పుట్టినప్పటి నుంచీ తినే అలవాటు కొంత సర్దిపెడుతుందని దీన్ని బట్టి ఊహించవచ్చు. కానీ ఆ 7 శాతం మంది మన ఇళ్లలోనూ ఉన్నారు. వందమంది బంతిలో ఏడుగురు. వాళ్లకి చారులో తేలే పచ్చి ఆకు ఇబ్బంది, అదే ఆకు పచ్చడిగా నూరితే చాలామంది తినగలరు. ఆకుని మెత్తగా నూరినప్పుడు దానిలోని ఎంజైములే ఆ ఆల్డిహైడ్లని విరగ్గొడతాయి. నూనెలో వేయిస్తే ఇంకొంత ఎగిరిపోతుంది. కాబట్టి అలాంటి పిల్లలున్న ఇంట్లో చేయవలసిన పని చిన్నది: చారులో కొత్తిమీర కాడలు దింపే ముందు కాకుండా మరిగేటప్పుడే వేసి, తర్వాత తీసేయాలి. పచ్చడికైతే కట్ట ఆకుని రెండు చెంచాల నూనెలో పూర్తిగా దగ్గరపడేదాకా మగ్గించి, చల్లారాక చింతపండుతో నూరాలి. సగం మగ్గితే పచ్చివాసన మిగిలిపోతుంది, ఇక వాళ్లు ముట్టరు.

పూల విషయంలో తగువు ఇంకా మెత్తగా నడిచేది. సంపెంగల్లో ఉండే సువాసన అణువుల్లో బీటా-అయొనోన్ ఒకటి. ఓఆర్5ఏ1 అనే గ్రాహకం ఒక రకంగా ఉన్నవాళ్లకి ఇది రవ్వంత ఉన్నా కమ్మటి పూలవాసనగా తెలుస్తుంది. ఇంకో రకంగా ఉన్నవాళ్లకి చాలా ఎక్కువ మోతాదులో గానీ తెలియదు, తెలిసినప్పుడు కూడా పుల్లగా, ఘాటుగా ఉందంటారు. న్యూజిలాండ్ శాస్త్రవేత్తలు 2013లో తేల్చిన సంగతి ఇది. రెండు సంపెంగలు జడలో పెట్టుకుని పేరంటానికి వస్తే ఒకావిడ మురిసిపోయి దగ్గరికి జరగడం, ఇంకొకావిడ తలనొప్పని వరండాలోకి వెళ్లిపోవడం అందరం చూసిందే. సంపెంగలో ఇంకా ఎన్నో అణువులున్నాయి, నొప్పంతా ఈ ఒక్కదాని మీద వేయలేం. అయినా ఆ ఇద్దరూ ఒకే పువ్వుని వాసన చూడటం లేదని మాత్రం నమ్మవచ్చు.

మల్లెల్లో ఇండోల్ ఉంటుంది. ఇది మలంలో కూడా ఉండే అణువే. పలచగా ఉన్నప్పుడు మల్లెకి ఆ నిండుతనం ఇచ్చేది ఇదే, చిక్కనైతే వెగటు. సాయంత్రం మొగ్గ విచ్చినప్పుడు లినలూల్, బెంజైల్ ఎసిటేట్ లాంటి అణువులు ముందుంటాయి. అవి త్వరగా ఎగిరిపోతాయి. ఇండోల్ అంత తేలిగ్గా లేవదు, నిదానంగా వెళుతుంది. తెల్లారి తలగడ మీద గోధుమరంగుకి తిరిగిన పూలదండ కొందరికి మత్తుగా, కొందరికి కుళ్లుగా తోచడానికి కారణం ఇదే. మొగ్గలు పొద్దున్నే కోసి, తడిపి గట్టిగా పిండిన గుడ్డలో చుట్టి, అరటాకు పొట్లంలో నీడన పెట్టేవాళ్లు. మొగ్గల మీద నీళ్లు నిలిస్తే రేకు నల్లబడి రాత్రికే ఆ బరువు వాసన వచ్చేస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టిన మల్లెలు వాసన రావడం లేదని బాధపడనక్కర్లేదు. చలికి అణువులు లేవవు, బయట పెడితే కాసేపటికి గది నిండుతుంది.

ఇక చేపలు. వాసనల సంగతి మాట్లాడుకుంటే కోస్తా ఇళ్లలో సగం జ్ఞాపకాలు ఇక్కడే ఉంటాయి, సగం తగువులూ ఇక్కడే. సముద్రపు చేప ఒంట్లో ఒక రకం పదార్థం ఉంటుంది. చచ్చాక సూక్ష్మజీవులు దాన్ని ట్రైమిథైలమైన్‌గా మారుస్తాయి. నీచు వాసన అని మనం అనేదానిలో ముఖ్యమైనది అదే. చెరువు చేపలో అది బాగా తక్కువ. శీలావతి, బొచ్చెల్లో వచ్చే ఇబ్బంది నీచు కాదు, మట్టివాసన. అది వేరే అణువు, జియోస్మిన్. నీళ్లలో నాచు జాతి సూక్ష్మజీవులు తయారుచేస్తే, చేప కొవ్వులో, చర్మంలో చేరుతుంది. ఎండాకాలం చివర నీరు తగ్గి పచ్చగా మారిన చెరువుల చేపలో ఇది ఎక్కువ. పట్టిన చేపని కొన్ని రోజులు మంచినీటి తొట్టిలో మేత లేకుండా ఉంచితే తగ్గిపోతుంది, కానీ తూకం కూడా తగ్గుతుంది కనుక అందరూ ఆ పని చేయరు.

అమ్మమ్మలు ఈ రెండింటికీ ఒకే మందు వాడారు. పొలుసు తీసి, మొప్పలు పీకి, పొట్ట లోపలి నల్లటి పొరని వేలితో గీకి తీసేసి, కిలో ముక్కలకి రెండు చెంచాల రాళ్లుప్పు, అర చెంచా పసుపు, నిమ్మకాయంత చింతపండు పిసికిన చిక్కటి పులుసు పట్టించి పావుగంట ఉంచి, మూడు నాలుగు నీళ్లు పోసి కడిగేవాళ్లు. పులుపు ట్రైమిథైలమైన్‌ని లవణంగా మారుస్తుంది, లవణం గాలిలోకి లేవదు. ముక్కుకి చేరనిది వాసనే కాదు కదా. జియోస్మిన్‌ని కూడా పులుపు కొంత విరగ్గొడుతుంది. చేపల పులుసు అన్న వంటకం ఈ పని మీదే నిలబడింది. గంటకు మించి పులుపులో నానబెడితే ముక్క పైన తెల్లబడి, పులుసులో వేయగానే విడిపోతుంది, పావుగంట చాలు. పొట్టలో నల్లపొర మిగిలితే మాత్రం ఎంత చింతపండు పోసినా ఆ చేదు వాసన పోదు.

ఎండుచేపకి పద్ధతి వేరు. ఎండు నెత్తళ్లయితే తలలు తుంచి, నూనె లేని మూకుడులో సన్నసెగ మీద మూడు నాలుగు నిమిషాలు వేయించి, అప్పుడు వేడినీళ్లలో వేసి ఇసుక దిగేదాకా కడగాలి. ముందు కడిగి తర్వాత వేయిస్తే తడి ఆవిరితో పాటు వాసనంతా లేచి ఇల్లు పట్టేస్తుంది, ఆరేసిన తడి బట్టల్లోకి ఎక్కుతుంది. పై అంచులు పసుపుపచ్చగా, ముట్టుకుంటే నూనె జిడ్డుగా ఉన్న ఎండుచేపని కొనకూడదు. ఆ కంపు కొవ్వు చెడిపోవడం వల్ల వచ్చింది. పులుపు దాని మీద పనిచేయదు, వంకాయా దాచలేదు, మామిడికాయా దాచలేదు.

ఇన్ని చేసినా ఒకరికి ఆ వాసన నోరూరిస్తుంది, పక్కవాళ్లకి తల తిప్పుతుంది. 2020లో ఐస్‌లాండ్ వాళ్లు వేలమందికి వాసనలు చూపించి జన్యువులతో పోల్చారు. టీఏఏఆర్5 అనే గ్రాహకంలో ఒక అరుదైన మార్పు ఉన్నవాళ్లకి చేపవాసన అంత చెడ్డగా అనిపించలేదు. కొందరైతే దాన్ని బంగాళాదుంప అన్నారు, పంచదార పాకం అన్నారు. మన తీరంలో ఎంతమందికి ఆ మార్పు ఉందో గానీ, ఎండు రొయ్యల బుట్ట మూత తీయగానే ముఖం వికసించే మనిషి ప్రతి వీధిలోనూ ఉండేవాడు. అందులో పుట్టుక పాలు కొంత, చిన్నప్పటి అన్నం ముద్ద పాలు చాలా.

చేపలో మనం తిట్టుకునే ఆ జియోస్మినే తొలకరి వానలో మనం పరవశించే మట్టివాసన. మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని తయారుచేస్తాయి; ఎండిన నేల మీద చినుకు పడగానే గాలిలోకి లేస్తుంది. లీటరు నీటిలో కొద్ది నానోగ్రాములున్నా, అంటే గ్రాముని వందకోట్ల భాగాలు చేస్తే వాటిలో కొన్ని ఉన్నా, మనిషి ముక్కు పట్టేస్తుంది. వాన వాసన మీద 1964లో ఆస్ట్రేలియాలో ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ రాసిన వ్యాసంలో మన ఉత్తరప్రదేశ్‌లో తీసే మట్టి అత్తరు ప్రస్తావన ఉంది. కనౌజ్‌లో ఇప్పటికీ తీస్తారు: మట్టిని బిళ్లలుగా చేసి కాల్చి, రాగి డేగిశాలో నీళ్లతో వేసి, మూత చుట్టూ మట్టి మెత్తి, వెదురు గొట్టం ద్వారా ఆవిరిని గంధపు నూనె ఉన్న పాత్రలోకి పట్టిస్తారు. బీట్‌రూట్‌లో ఉండేది కూడా ఇదే అణువు. వానకి మురిసే పిల్లాడే బీట్‌రూట్ కూరలో మట్టి కొడుతోందని పక్కకు తోస్తే, అతను చెప్పింది అక్షరాలా నిజం. ఆ కూర దించేముందు అరచెక్క నిమ్మరసం పిండితే తేడా తెలుస్తుంది.

ఇంగువ గురించి ఒక్క మాట. పచ్చి ముద్ద ఇంగువలో గంధకం కలిసిన అణువులు కొట్టే కంపుని ఇష్టపడేవాళ్లు తక్కువ, అదే కాగిన నూనెలో పడ్డాక వద్దనేవాళ్లు తక్కువ. మిరియపు గింజంత ముద్దని నూనె కాగాక ముందుగా వేసి, ఉబ్బి గుల్లబారాక ఆవాలు వేయాలి. చల్లటి నూనెలో వేస్తే లోపల పచ్చిగా మిగిలి, పులిహోర అంతా ఆ ఒక్క ముక్క దగ్గర చెడుతుంది. డబ్బాలో డబ్బా పెట్టి దాచాలి, లేకపోతే పక్కనున్న టీపొడి పోయినట్టే.

వాసన ఎక్కడ మొదటిసారి తగిలిందన్నది కూడా గ్రాహకాలంత బలమైనదే. అమృతాంజనం సీసా తలుచుకోండి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన ఆ పసుపుపచ్చ మందు తెలుగువాళ్ల తలగడల కింద తరాలుగా ఉంది. ఇలాంటి నొప్పి మందుల్లో కర్పూరం, మెంథాల్, నీలగిరి తైలంతో పాటు మిథైల్ శాలిసిలేట్ అనే వాసన అణువు ఉంటుంది. మనకి ఆ వాసన అంటే జ్వరం వచ్చిన రాత్రి నుదుటి మీద అమ్మ చెయ్యి, తాతగారి మంచం, మూసిన కిటికీ. కొందరికి ఇప్పటికీ అది ధైర్యం, కొందరికి అదే రోగం. బ్రిటన్‌లో 1966లో జనాన్ని అడిగితే మిథైల్ శాలిసిలేట్‌ని బాగా కింద పెట్టారు, వాళ్లకి అది మందుల వాసన. అమెరికాలో 1978లో అడిగితే పైన నిలిచింది, అక్కడ అది చూయింగ్ గమ్‌లో, మిఠాయిల్లో ఉంటుంది. అమెరికా వెళ్లిన తెలుగు కుర్రాళ్లు ఇదే వాసన ఉండే రూట్ బీర్ అనే తీపి పానీయం మొదటి గుటకకే నొప్పి మందు తాగినట్టుందని గ్లాసు దించేయడమూ, అక్కడే పుట్టిన వాళ్ల పిల్లలు దాన్నే ఆనందంగా తాగడమూ ఇందువల్లే. ఒకే రక్తం, ఒకే ఇల్లు, పరిచయం మాత్రం వేరు.

ఈ మందుల్లో ఇంకో విశేషం ఉంది. చల్లగా పాకే మెంథాల్, కళ్లు చెమర్చే కర్పూరపు ఘాటు, తిరగమోతలో ఎండుమిరపకాయ కోరు, ఇవన్నీ వాసన నాడితో పాటు ముఖమంతా పరుచుకునే ఇంకో నాడికి కూడా తెలుస్తాయి. వాసన పూర్తిగా పోయిన మనిషికి కూడా అవి తగులుతాయి. అందుకే జలుబు చేసినవాళ్లు అమృతాంజనం వాసన వస్తోంది, నాకు ముక్కు బాగానే ఉంది అంటే నమ్మకూడదు. కాఫీపొడి గానీ, వెనిల్లా గానీ చూపించి అడగాలి.

నెయ్యి దగ్గర ఇంటింటికీ ఒక ముక్కు ఉండేది. వెన్న పూటపూటా తీసి నీళ్లలో వేసి, నీళ్లు రోజూ మార్చి, నాలుగైదు రోజులకు మించకుండా కాచాలి. రోజులు మించితే బ్యుటిరిక్ ఆమ్లం బయటపడి పుల్లకంపు వస్తుంది. కాచేముందు రెండు మూడుసార్లు చన్నీళ్లతో కడిగి, అడుగు మందంగా ఉన్న గిన్నెలో సన్నసెగ మీద పెడితే, ముందు పెద్ద బుడగలు చిటపటమంటాయి, అది నీరు పోవడం. తర్వాత చప్పుడు తగ్గి సన్న నురుగు కట్టి, అడుగున గసి బంగారు రంగుకు తిరిగినప్పుడు గుప్పెడు మునగాకో, ఒక తమలపాకో వేసి దించేయాలి. గసి నల్లబడితే మాడువాసన, తెల్లగా ఉండగా దించితే పచ్చివాసన, పైగా నిలవుండదు. గేదె నెయ్యికి అలవాటుపడిన ఇంట్లో ఆవునెయ్యి వాసన చాలాకాలం పట్టదు, అటుదిటూ అంతే.

వయసు కూడా లెక్కలోకి వస్తుంది. అమెరికాలో 1984లో జరిగిన పెద్ద పరీక్షలో 65 నుంచి 80 ఏళ్ల మధ్య వాళ్లలో సగానికి పైగా వాసన బాగా తగ్గినట్టు తేలింది. నాయనమ్మ చేతి పప్పులో ఇంగువ ఏటికేడూ పెరగడం, పాలు విరిగినా ఆవిడకి తెలియకపోవడం అశ్రద్ధ కాదు. ఇలాంటి పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే ఇంట్లో గ్యాస్ సంగతి చూడాలి. వంటగ్యాస్‌కి సొంత వాసన లేదు, లీకు తెలియడానికి మెర్కాప్టన్ అనే గంధకపు అణువు కలుపుతారు. అది తెలియని ముక్కుకి ఆ ఏర్పాటు వృథా. నేలకు ఒక అడుగు ఎత్తున లీకు కనిపెట్టే అలారం పెట్టించాలి, గాలి కన్నా ఈ గ్యాస్ బరువు కనుక పైన పెడితే ఆలస్యమవుతుంది. రాత్రి రెగ్యులేటర్ కట్టేయడం అలవాటు చేయించాలి. వేవిళ్ల రోజుల్లో దీనికి ఎదురు జరుగుతుంది: అన్నం ఉడికే ఆవిరి, తిరగమోత పొగ భరించలేనివవుతాయి. వేడి తగ్గించి చల్లార్చిన అన్నం, మజ్జిగ ఇవ్వడం అప్పటివాళ్లకీ తెలుసు.

ఇంట్లో ఎవరి ముక్కు ఎలాంటిదో తెలుసుకోవాలని ఉంటే సెలవురోజు పొద్దున కూర్చోండి. రంగు కనపడకుండా కాగితం చుట్టిన చిన్న సీసాలు ఆరు కావాలి, అన్నీ ఒకే రకం, పాత వాసన లేనివి. ఒకదానిలో దంచిన కొత్తిమీర అరచెంచా, ఒకదానిలో దంచిన లవంగాలు రెండు, ఒకదానిలో చెంచా నీళ్లలో చిటికెడు ఇంగువ, ఒకదానిలో దూది మీద నీలగిరి తైలం ఒక్క చుక్క, ఒకదానిలో ఎండు రొయ్యలు రెండు. ఆరోది ఒట్టి దూది. ఒట్టి సీసా తప్పనిసరి. అందులోనూ వాసన వస్తోందన్నవాళ్ల మాట మిగతా వాటిలో కొంచెం జాగ్రత్తగా తీసుకోవాలి. ఆ పూట అగరొత్తి వెలిగించకూడదు, వాసన సబ్బుతో చేతులు కడగకూడదు, ఫ్యాను ఆపాలి. ఎంత గట్టిగా ఉందో ముందు రాయించి, తర్వాత నచ్చిందో లేదో, చివరగా అదేమిటో రాయించాలి. పేరు ముందే చెబితే పరీక్ష పాడవుతుంది: 2001లో ఒకే ఆమ్లాల మిశ్రమాన్ని చీజ్ అని చెప్పి ఇస్తే జనం బాగుందన్నారు, వాంతి అని చెప్పి ఇస్తే ముఖం తిప్పుకున్నారు. సీసాకీ సీసాకీ మధ్య ఒక నిమిషం ఆగాలి, ఆ నిమిషంలో సొంత మోచేతి మడతని వాసన చూస్తే ముక్కు తేరుకుంటుంది. అత్తరు దుకాణాల్లో కాఫీగింజలు చూపిస్తారు గానీ, వాటివల్ల మామూలు గాలి కన్నా ఎక్కువ లాభం కనపడలేదు.

ఎవరిది పదునైన ముక్కో కూడా తేల్చవచ్చు. ఇంగువ నీళ్లు ఒక చెంచా, మంచినీళ్లు తొమ్మిది చెంచాలు కలిపితే పదో వంతు. అందులోంచి ఒక చెంచా తీసి మళ్లీ తొమ్మిది. ఇలా నాలుగైదు మెట్లు చేసి, ప్రతి మెట్టు దగ్గరా మూడు గ్లాసులు పెట్టాలి, ఒకదానిలో ఇంగువ నీళ్లు, రెండింటిలో మంచినీళ్లు. గుడ్డిగా చెప్పినా మూడిట ఒకసారి సరిపోతుంది కనుక గ్లాసులు మార్చి నాలుగుసార్లు అడగాలి. పలచటి మెట్టు నుంచి చిక్కటి మెట్టుకి రావాలి. ఎదురు దిశలో వెళితే ముక్కు అలిసి తప్పు లెక్క వస్తుంది.

ఇలా పెద్ద ఎత్తున చేసిన పరీక్ష ఒకటి 2022లో వచ్చింది. తొమ్మిది వేర్వేరు సంస్కృతులకు చెందిన 225 మంది అడవుల్లో, తీరాల్లో, కొండల్లో, పట్నాల్లో బతికేవాళ్లు పది వాసనల్ని వరస పెట్టారు. వెనిల్లా వాసన అన్నిటికన్నా పైన నిలిచింది, పాత మేజోళ్ల కంపు కొట్టే ఐసోవలెరిక్ ఆమ్లం అట్టడుగున. ఇష్టాయిష్టాల తేడాల్లో అణువు పాలు 41 శాతం, సంస్కృతి పాలు 6 శాతమే, సగానికి పైగా వ్యక్తి సొంతం. ఊరు ఊరంతా ఒకలా వాసన చూస్తుందనుకునే మన నమ్మకానికి ఇది పెద్ద దెబ్బ. పనసపండు కోసిన రోజు గోదావరి ఇంట్లో ఒకరు తొనల కోసం కాచుకుని, ఇంకొకరు డాబా మీదికి పోయేవాళ్లంటే మరి ఆశ్చర్యం లేదు; ఆ పండు వాసనలో ముఖ్యభాగం ఐసోవలెరిక్ ఆమ్లం నుంచి పుట్టే ఎస్టర్లు అనే అణువులదే.

ముక్కు మాటకి విలువుందని మన ఇళ్లు నమ్మింది కొవిడ్ తర్వాతే. 2020, 2021లో వాసన పోయినవాళ్లలో కొందరికి తిరిగి వచ్చేటప్పుడు అది వక్రంగా వచ్చింది. కాఫీ, వేగిన ఉల్లిపాయ, వెల్లుల్లి, కోడికూర కుళ్లులా, కాలిన రబ్బరులా తగిలాయి. కాఫీకి ఆ కమ్మదనం ఇచ్చే గంధకపు అణువే వాళ్లకి ముఖ్యంగా కంపు కొడుతోందని 2022లో ఇంగ్లండ్‌లో తేల్చారు. అలాంటివాళ్లకి వేయించినవి, మాడ్చినవి పెట్టకూడదు. అన్నం, పెరుగు, ఇడ్లీ, ఉడికించిన కూరలు, పండ్లు, అన్నీ గోరువెచ్చగానో చల్లగానో పెట్టాలి, ఆవిరి తగ్గితే బాధ తగ్గుతుంది. జర్మనీలో థామస్ హుమ్మెల్ బృందం 2009లో చూపిన సాధన ఇంట్లోనే చేయవచ్చు: గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి, ఈ నాలుగూ పొద్దునా సాయంత్రమూ, ఒక్కోటి పది పదిహేను సెకన్లు, చిన్న చిన్న ఊపిర్లతో, కనీసం 12 వారాలు. పన్నీరు, నిమ్మతొక్క, దంచిన లవంగాలు, దూది మీద నీలగిరి తైలం చాలు. సీసాలు వారానికోసారి మార్చాలి. లవంగం లవంగంలా తెలియకపోయినా, వాసన చూస్తూ ఒకప్పుడు అదెలా ఉండేదో గట్టిగా తలుచుకోమని చెబుతారు. నెల దాటినా ఏమీ తెలియడం లేదని చాలామంది ఆపేస్తారు, అది తొందర. కొందరికి ఆరు నెలలు పట్టింది, ముందుగా తిరిగొచ్చేది ఏ వాసనో కూడా ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంది.